వ్యూహక్రీడల్లో యుద్ధం ఎంత నిజంగా ఉండాలి?

ప్రశ్న: ‘బ్యాటిల్ ఫర్ వెస్నాత్’ అనే ఉచిత కంప్యూటర్ ఆట ఆడుతుంటాను. అందులో ఊరి గడిలో నిలబడిన మన స్పియర్‌మన్‌ను (ఈటె సైనికుణ్ని) ఎంతటి ఓర్క్ (కల్పిత రాక్షసజాతి) యోధుడు కొట్టినా కత్తిదెబ్బ తగిలే అవకాశం 40 శాతమే. మన స్పియర్‌మన్ పక్కగడిలోని ఓర్క్ గ్రంట్ మీద ఈటె విసిరితే, గ్రంట్ చేతిలో కత్తి ఉండి కూడా తిరిగి కొట్టడు. ఇంత అసహజమైన పోరును యుద్ధవ్యూహం అనవచ్చునా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: తప్పకుండా అనవచ్చు. అయితే మీ అభ్యంతరాల్లో మొదటిదాన్ని నేను అంగీకరించను, రెండోదాన్ని చాలావరకు అంగీకరిస్తాను.

ఇలాంటి ఆటల్లో మనం సేనాని స్థానంలో కూర్చుంటాం. కత్తి ఏ కోణంలో దిగిందో సేనానికి తెలియనక్కరలేదు. ఎవరిని, ఎప్పుడు, ఏ నేల మీద పోరుకు దింపాలన్నదే ఆయన సమస్య. కాబట్టి ఆట ఎంత నిజమో తేల్చడానికి ఆ నిర్ణయాలనే పరీక్షించాలి. వెస్నాత్‌లో మామూలు దాడి తగిలే అవకాశం దెబ్బ కాచుకునేవాడు నిలబడిన నేలను బట్టి ఉంటుంది: స్పియర్‌మన్ ఊళ్లో ఉంటే 40 శాతం, పచ్చికలో ఉంటే 60, లోతులేని నీటిలో ఉంటే 80. గ్రంట్ వేసే రెండు వేట్లూ తప్పిపోయే అవకాశం ఊళ్లో 36 శాతం కాగా, నీటిలో 4 శాతమే. దీనికి పగలూ రాత్రీ తోడవుతాయి. స్పియర్‌మన్ పోటు బలం 7, గ్రంట్ వేటు బలం 9. పగటిపూట అవి 9, 7గా మారితే, రాత్రి 5, 11 అవుతాయి. అందుకే సంధ్యవేళకు ముందే ఏరు దాటి ఊళ్లలోకి వెనక్కి తగ్గి, తరుముకొచ్చే శత్రువు నీటిలో నిలబడి పోరాడక తప్పని పరిస్థితి కల్పించడం మంచి ఆటగాడి లక్షణం. మూడు నాలుగు అంకెలతో ఇంతటి ఆలోచన రేకెత్తించే నియమాన్ని అసహజమని తోసిపుచ్చడం నాకు అన్యాయంగా తోస్తుంది.

దూరదాడికి దూరదాడితోనే బదులివ్వాలన్న నియమం మాత్రం నేలకో కాలానికో సంబంధించినది కాదు. ఎదుటివాడి దగ్గర లేని ఆయుధాన్ని వెతికి కొట్టే లెక్కగా అది మిగిలిపోతుంది. అంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. ఒక్క ప్రాణబిందువు (దెబ్బలు తట్టుకునే శక్తికి కొలత) మిగిలిన యూనిట్ కూడా పూర్తి బలంతోనే కొడుతుంది. ఈ విషయంలో 1999 నాటి ‘హీరోస్ ఆఫ్ మైట్ అండ్ మ్యాజిక్ 3’ మేలు. అక్కడ వందమంది పైక్‌మెన్‌కు (పొడవాటి ఈటెల సైనికులకు) తెరమీద ఒక్క బొమ్మే కనిపిస్తుంది. కానీ ఒక్కొక్కరికి 10 ప్రాణబిందువుల చొప్పున ఉన్న ఆ దళానికి 255 బిందువుల నష్టం జరిగితే 25 మంది చనిపోతారు, తర్వాతి దెబ్బ 75 మందిదే అవుతుంది. బొమ్మ నిజంగా లేకపోయినా బలం తరుగుదల నిజంగా ఉంది.

వివరం పెంచితే నిజం పెరుగుతుందన్న నమ్మకాన్ని అసలు సైనికులే వదులుకున్నారు. 1824లో ప్రష్యా అధికారి రైస్విట్జ్ తన ‘క్రీగ్‌ష్పీల్’ అనే సైనిక శిక్షణ ఆటలో నష్టాలను పాచికలతో, పట్టికలతో లెక్కగట్టాడు. ఆ లెక్కల భారం ఆటను నెమ్మదింపజేస్తోందని, 1876లో మరో ప్రష్యా అధికారి వెర్డీ దు వెర్నువా పట్టికలను పక్కనపెట్టి, ఫలితాన్ని అనుభవజ్ఞుడైన మధ్యవర్తి తీర్పుకే వదిలాడు.

ప్రశ్న: అలాగైతే, వేలమంది సైనికులను విడివిడిగా చూపే ‘టోటల్ వార్: వార్‌హామర్’ శ్రమంతా వృథాయేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వృథా కాదు. గుర్రపుదళం వరుసలోకి దూసుకుపోయినప్పుడు ఆ తాకిడి బరువు కళ్లకు కట్టడం 2016లో వచ్చిన ఆ ఆటకు నిజమైన బలమే. కానీ వెనుక నుంచి తాకిడి తగిలిన దళం, తనవాళ్లు ఇంకా ఎందరో బతికి ఉండగానే చెల్లాచెదురై పారిపోతుంది చూడండి. యుద్ధంలో అత్యంత సహజమైన ఆ ఘట్టాన్ని అక్కడ నడిపించేది ఏ బొమ్మా కాదు, దళం మనోధైర్యాన్ని కొలిచే, ‘లీడర్‌షిప్’ అని రాసి ఉన్న ఒక్క అంకె.