23వ పేజీ

అమ్మాయీ,

ఆశీస్సులు. రాసే పని కోసం నలుగురికీ చూపించాలని కూర్చిన నీ పోర్ట్‌ఫోలియో చూశాను. ఫైలు పేరు 'ఫైనల్ కొత్తది 2', లోపల 27 రచనలు. మొదటి పేజీ నిండా చిన్నప్పటి నుంచీ నీకు అక్షరాలంటే ఎంత ప్రాణమో రాసుకున్నావు. ఆ తర్వాత వాన మీద నాలుగు కవితలు, విజయానికి ఏడు సూత్రాలు. పదో పేజీ దగ్గర మూసేసి పడుకున్నాను.

మర్నాడు మనసొప్పక మళ్ళీ తెరిచి, ఈసారి వెనక నుంచి చదివాను. 23వ పేజీలో దొరికింది. చెవి మిషన్‌లో బ్యాటరీ ఎలా మార్చుకోవాలో మీ అమ్మమ్మకి రాసిపెట్టిన కాగితం. "స్టిక్కర్ పీకాక ఒక నిమిషం ఆగు. లోపలికి గాలి వెళ్ళాలి. అప్పుడు మిషన్‌లో పెట్టు. పీకినదాన్ని మళ్ళీ అంటించినా లాభం లేదు, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. ఆ స్టిక్కర్‌ని క్యాలెండర్‌లో ఇవాళ్టి తేదీ మీద అంటించు, ఎన్ని రోజులు వచ్చిందో తెలుస్తుంది."

ఆ క్యాలెండర్ మాట దగ్గర ఆగిపోయాను. ఆవిడ ఏం మర్చిపోతుందో తెలిసినవాళ్ళు తప్ప ఆ వాక్యం రాయలేరు. దాని కింద నువ్వేమో "ఇది రచన కాదు, ఊరికే పెట్టాను" అని చిన్న అక్షరాల్లో క్షమాపణ చెప్పుకున్నావు. నాకు కోపం వచ్చింది అక్కడే. ఈ ఉత్తరం కూడా అందుకే.

రాయడం తెలుసని చెప్పుకునేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. పని ఇచ్చేవాళ్ళ గొడవ వేరు. వాళ్ళ దగ్గర ఎవరికీ అర్థంకాని దరఖాస్తు ఒకటి ఉంటుంది, లేదా జనం చదవకుండా పారేసే కరపత్రం ఉంటుంది. దాన్ని బాగుచేసే మనిషి కావాలి. అందుకని 27 రచనల్లో ఒక్కోదాన్నీ తీసి అడుగు: ఇది ఎవరికి అవసరమై రాశాను? జవాబు రాకపోతే తీసెయ్. మూడో నాలుగో మిగులుతాయి, చాలు. ఒక్కోదాని పైన రెండు లైన్లు రాయి, ఎవరి కోసం రాశావో, ఎంత నిడివి అడిగారో, అందులో నీ వంతు ఎంతో. ఇంతవరకూ ఎవరూ పని ఇవ్వలేదంటావా, మందు పెట్టెలో వచ్చే తలతిక్క సూచనల కాగితాన్నో ఫోన్‌లో వచ్చే అయోమయపు హెచ్చరికనో తీసుకుని తిరగరాసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టు. ఎవరూ అడగకుండా నువ్వే చేశావని మాత్రం స్పష్టంగా రాయి.

కవితలు పడెయ్యమనడం లేదు. అవి నీవి, దాచుకో. నేనూ పదేళ్ళు నా కథలే పట్టుకుని తిరిగాను.

ఆ రోజుల్లోనే ఒక వెబ్‌సైట్‌కి వ్యాసానికింత అని రాసేదాన్ని. గూగుల్ వెతుకులాటలో పైకి రావడానికని ఒకే మాట ప్రతి పేరాలోనూ రావాలి, లేకపోతే ఎడిటర్ తిప్పి పంపేవాడు. వ్యాసం ఎవరైనా చదివారా లేదా అన్నది ఆయనకి అనవసరం. 2011లో గూగుల్ పాండా అనే మార్పు తెచ్చి అలాంటి సరుకును వెతుకులాటలో వెనక్కి నెట్టేసింది. కొన్నాళ్ళకు సైటే మూతపడింది. నా పోర్ట్‌ఫోలియో అంటే ఆ సైట్‌లోని 40 లింకులే! ఒక ఇంటర్వ్యూలో ఎదుటాయన వరసగా నొక్కుతున్నాడు, 'పేజీ దొరకలేదు', 'పేజీ దొరకలేదు'. ఆరోదాని దగ్గర ఆపి, మంచినీళ్ళు కావాలా అని అడిగాడు. కాబట్టి ఏది అచ్చయినా ఆ రోజే పీడీఎఫ్ చేసి దాచుకో, అందులో ఫాంట్ కూడా ఇమిడి ఉండేలా చూసుకో, లేకపోతే అవతలివాళ్ళకి అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. పేజీని వేబ్యాక్ మెషీన్ అని, వెబ్ పేజీల నకళ్ళు దాచిపెట్టే సైట్‌లో కూడా భద్రం చెయ్యి, ఉచితమే.

శాంపిల్‌గా ఒకటి ఊరికే రాసిమ్మంటే రాయాలా అని అడిగావు. వద్దు. నేనొకసారి రాసిచ్చాను. సరిపోలేదన్నారు. రెండు వారాలకి నేను వాడిన ఉపమానంతో సహా అచ్చులో కనిపించింది, నా పేరు తప్ప. ఉన్నవి చూపించు, కొత్తది కావాలంటే డబ్బడుగు. మొహమాటం వద్దు.

ఇతరుల పేరుతో రాసినవి వాళ్ళు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే చూపించు.

నీ రచనలు పెట్టే వెబ్‌సైట్ రంగు గురించి నన్నడక్కు.

ఆ 23వ పేజీని ముందుకు తెచ్చి, కింది క్షమాపణ కొట్టేసి మళ్ళీ పంపు. అన్నట్టు, బ్యాటరీలో ప్లస్ గుర్తు ఏ వైపు ఉండాలో అందులో రాయలేదు. అమ్మమ్మ అక్కడ ఏం తంటాలు పడుతోందో పక్కన కూర్చుని ఒకసారి చూసి రాయి.