ఫసలీ ఎక్కడి మాట?

సందేహం: మా తాతగారి కాగితాల్లో పాత శిస్తు రసీదు ఒకటి దొరికింది. దాని మీద ‘ఫసలీ 1389’, పక్కన మార్చి నెల ఉన్నాయి. ఇది ఏ లెక్క? ‘పస’ నుంచి పుట్టిన తెలుగు మాటేనని మా మిత్రుడు వాదిస్తున్నాడు. ఫసల్ బీమాలోని ఫసల్ కూడా ఇదేనా?

సమాధానం: ఫసల్ బీమాతో చుట్టరికం ఉంది, ‘పస’తో లేదు. మూలం అరబ్బీ ‘ఫస్ల్’. విడదీయడం, తెగ్గొట్టడం ఆ ధాతువు అర్థం. తగవు తెంచి చెప్పేది ఫైసలా. విడివిడిగా రాసిన వివరాలు తపశీలు. బస్టాండులో వినే ‘మొఫసిల్’ కూడా ఈ ఇంటి పిల్లే: నగరం నుంచి విడిగా ఉన్న ప్రాంతమని.

పుస్తకంలో విడదీసిన భాగం అధ్యాయం, ఏడాదిలో విడదీసిన భాగం రుతువు. రెంటినీ అరబ్బీలో ఫస్ల్ అనే అన్నారు. పారసీ వాళ్లు ఆ అర్థాలతోనే తీసుకున్నారు. ‘చహార్ ఫస్ల్’ అంటే నాలుగు రుతువులు. మన దేశంలో హిందుస్తానీకి వచ్చేసరికి రుతువు కాస్తా ఆ రుతువులో చేతికొచ్చే పంట అయింది. చివర ఈకారం చేరిస్తే ఫసలీ, అంటే పంటకు సంబంధించినది.

తమాషా ఏమిటంటే ఖరీఫ్, రబీ కూడా అరబ్బీ మాటలే. ఖరీఫ్ అంటే శరత్తు, రబీ అంటే వసంతం. జూన్‌లో విత్తే పంటకు శరత్తు పేరెందుకు? అది కోతల కాలం కాబట్టి. సర్కారు చూపు ఎప్పుడూ కోత మీదే కదా, శిస్తు వచ్చేది అప్పుడే.

ఫసలీ సంవత్సరం పుట్టిందీ శిస్తు కోసమే. ముస్లిముల హిజ్రీ చాంద్రమాన సంవత్సరానికి 354 రోజులు. ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ 32 సౌర సంవత్సరాల్లో దాదాపు 33 హిజ్రీలు గడిచిపోతాయి. ఆ లెక్కన వసూలు చేస్తే 32 పంటలకు రైతు 33 శిస్తులు కట్టాలి! అందుకే అక్బరు కాలంలో హిజ్రీ అంకెను అలాగే ఉంచి, అక్కడినుంచి సౌరమానంలో లెక్కించడం మొదలుపెట్టారు. దక్కనులో షాజహాను ఏలుబడిలో 1636లో వచ్చింది. అప్పటి హిజ్రీ 1046. మన ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వచ్చేది అందుకే. ఉత్తరాదిలో ఈ తేడా 592, 593.

ఏడాది మొదలు మాత్రం అంతటా ఒకటి కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1855లో జులై 1కి స్థిరపరిచారు. నిజాం రాజ్యంలో అక్టోబరులో మొదలయ్యేది. తెలంగాణ భూమి శిస్తు చట్టం పేరులోని ‘1317 ఫసలీ’ ఆ లెక్కే, 1907 నాటిది.

ఇక మీ రసీదు. 1389కి 590 కలిపితే 1979. ఆ ఫసలీ ఏడాది 1979 జులైలో మొదలై 1980 జూన్‌తో ముగుస్తుంది కాబట్టి, మీ తాతగారు శిస్తు కట్టింది 1980 మార్చిలో.