ఉబుంటులో (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్) ఎన్విడియా డ్రైవర్ వేసినా గ్రాఫిక్స్ కార్డు పనిచేయట్లేదు, హెచ్‌డీఎంఐ మానిటర్ రావట్లేదు. ఏం చేయాలి?

డ్రైవర్ ఎర్రర్ లేకుండా ఇన్‌స్టాల్ అయింది, రీబూట్ చేశాక ఎన్విడియా-ఎస్ఎంఐ (కార్డు స్థితి చూపే కమాండ్) మాత్రం డ్రైవర్ దొరకట్లేదంటోంది, హెచ్‌డీఎంఐకి పెట్టిన మానిటర్ నల్లగానే ఉంది అన్నారు కదా. 2021లో కొన్న నా ల్యాప్‌టాప్‌లో (ఇంటెల్ ప్రాసెసర్, పక్కన ఎన్విడియా జీటీఎక్స్ 1650) అచ్చం ఇదే జరిగింది. నాలుగు రాత్రులు ఒక వెర్షన్ తీసేయడం, ఇంకోటి వేయడం, ఇదే పని. తీరా చూస్తే డ్రైవర్‌లో ఏ లోపమూ లేదు. అందుకే చెప్తున్నాను, మళ్ళీ డ్రైవర్ మార్చకండి. ముందు అది కెర్నెల్‌లోకి (సిస్టమ్ గుండెకాయ లాంటి భాగంలోకి) ఎక్కిందో లేదో చూడండి.

టెర్మినల్ తెరిచి సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా అని కొట్టండి, అడ్మిన్ హక్కులతో డ్రైవర్‌ని కెర్నెల్‌లోకి ఎక్కించే కమాండ్ అది. 'కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్' అని వచ్చిందంటే మీ సమస్య దొరికినట్టే: సెక్యూర్ బూట్. అది ఆన్‌లో ఉన్నప్పుడు తను నమ్మే సంతకం లేని మాడ్యూల్‌ని (డ్రైవర్ లాంటి ముక్కని) కెర్నెల్ లోపలికి రానివ్వదు. డీకేఎంఎస్ (మాడ్యూల్‌ని మీ కెర్నెల్‌కి తగ్గట్టు కట్టే ఏర్పాటు) ద్వారా వచ్చే డ్రైవర్ మాడ్యూల్ మీ ల్యాప్‌టాప్‌లోనే తయారవుతుంది, దాని మీద మీ మెషిన్‌లోనే పుట్టిన కీతో సంతకం పడుతుంది. ఆ కీ మీదేనని బూట్ అయ్యేటప్పుడు మీరే ఒకసారి ఒప్పుకోవాలి.

ఈ ఒప్పుకునే చోటే నేను జారిపోయాను. ఇన్‌స్టాల్ అవుతున్నప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీబూట్ కాగానే నీలం రంగు స్క్రీన్ వచ్చి, ఏదో ఒక కీ నొక్కమని పది సెకన్లు లెక్కపెడుతుంది. నేను ఆ టైంలో మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. నొక్కకపోతే అది మామూలుగా బూట్ అయిపోతుంది, మళ్ళీ అడగదు. మనకేమో అంతా సవ్యంగా జరిగినట్టే కనిపిస్తుంది.

మళ్ళీ అడిగించాలంటే సుడో పెట్టి అప్‌డేట్-సెక్యూర్‌బూట్-పాలసీ కమాండ్‌ని ఎన్‌రోల్-కీ ఆప్షన్‌తో నడపండి. పాస్‌వర్డ్ పెట్టి, రీబూట్ చేసి, ఈసారి స్క్రీన్ ముందే కూర్చోండి. నీలం స్క్రీన్‌లో ఎన్‌రోల్ మోక్ (మోక్ అంటే మీ ఆ కీయే), కంటిన్యూ, యెస్, పాస్‌వర్డ్, రీబూట్. అంతే.

సెక్యూర్ బూట్‌నే ఆఫ్ చేసేయమని చాలామంది చెప్తారు. పనవుతుంది, నిజమే. కానీ అదే ల్యాప్‌టాప్‌లో విండోస్ ఉండి బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ సదుపాయం) ఆన్‌లో ఉంటే, తర్వాత విండోస్‌లోకి వెళ్ళినప్పుడు రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ చేతిలో లేకుండా ఆ జోలికి వెళ్ళొద్దు.

ఇంకోటి. ఉబుంటు వేసేటప్పుడు స్క్రీన్ నల్లబడితే గ్రబ్‌లో (బూట్ మెనూ) గ్రాఫిక్స్ డ్రైవర్లని పక్కన పెట్టే నోమోడ్‌సెట్ అనే ఆప్షన్ పెట్టారా? ఇన్‌స్టాల్ గట్టెక్కడానికి అది మంచిదే, తర్వాత తీసేయాలి. అది ఉన్నంతకాలం ఇంటెల్ గ్రాఫిక్స్ కూడా పనిచేయదు, బొమ్మంతా ప్రాసెసరే గీస్తుంది. సెట్టింగ్స్‌లో గ్రాఫిక్స్ అన్నచోట ఎల్‌ఎల్‌వీఎం‌పైప్ అని ఉంటే అనుమానమే అక్కర్లేదు. గ్రబ్ డీఫాల్ట్ ఫైల్‌లోంచి ఆ మాట తీసేసి అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. సెట్టింగ్స్‌లో ఆ గ్రాఫిక్స్ అన్నచోట ఇంటెల్ పేరు ఉంటే మాత్రం కంగారు పడకండి. ఇలాంటి ల్యాప్‌టాప్‌లలో లోపలి తెర సాధారణంగా ఇంటెల్‌కే కలిపి ఉంటుంది, ఎన్విడియా బరువు పనులకే లేస్తుంది.

మానిటర్ సంగతి: చాలా ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు నేరుగా ఎన్విడియా కార్డుకే కలిపి ఉంటుంది. అందుకే మాడ్యూల్ ఎక్కకపోతే మానిటర్ రాదు. ఏ గ్రాఫిక్స్ వాడాలో ఎంచుకునే ప్రైమ్-సెలెక్ట్ కమాండ్‌లో ఇంటెల్ అని పెట్టినా అంతే. ఆన్-డిమాండ్ పెట్టుకోండి, రోజువారీ వాడకానికి నేను అదే వాడుతున్నాను.

ఇక బ్యాటరీ సంగతి. జీటీఎక్స్ 16, ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ నుంచి కార్డు పనిలేనప్పుడు పూర్తిగా నిద్రపోగలదు. అయితే నిద్రపోయిందో లేదో ఎన్విడియా-ఎస్ఎంఐతో చూడకూడదు, ఆ కమాండే దాన్ని లేపుతుంది! సిస్ ఫోల్డర్‌లో ఆ పీసీఐ డివైస్ కింద పవర్ అన్నచోట రన్‌టైమ్-స్టేటస్ ఫైల్ చదవండి, సస్పెండెడ్ అని ఉంటే నిద్రలో ఉన్నట్టు.

ఇవన్నీ చేశాక కూడా మానిటర్ రాకపోతే, మోడ్‌ప్రోబ్ ఇచ్చిన జవాబు, డీమెసేజ్‌లో (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) ఎన్‌వీఆర్‌ఎం అని మొదలయ్యే లైన్లు ఉన్నవి ఉన్నట్టుగా పంపండి, చూస్తాను.