మావారి పాత కంప్యూటర్‌ని తుక్కుకి ఇచ్చేశాను, అప్పట్నించి మాటల్లేవు

ప్రశ్న: మాది శ్రీకాకుళం, అరసవల్లి రోడ్డులో అద్దె ఇల్లు. మావారు పాత కంప్యూటర్లు పోగేసి రిపేర్ చేస్తుంటారు, ఒక గది మొత్తం అవే. మొన్న ఒకదాన్ని ఆన్ చేస్తే గుప్పున పొగొచ్చింది. పాప ఇంటర్‌కొచ్చింది, చదువుకోడానికి చోటు లేదు. ఆయన ఊళ్ళో లేనప్పుడు పాత పేపర్లతో పాటు ఆ పొగొచ్చిన బీబీసీ మైక్రో అనే కంప్యూటర్‌ని కూడా తుక్కు బండివాడికి ఇచ్చేశాను. వచ్చి చూసి కనీసం తిట్టలేదు, మాట్లాడ్డమే మానేశారు. నేను చేసింది అంత తప్పేటండి?

జవాబు: తప్పేనమ్మా. గది కావాలనుకోడం, పొగ చూసి భయపడ్డం మాత్రం తప్పు కాదు, నూటికి నూరుపాళ్ళు న్యాయం. కానీ అడక్కుండా, మనిషి లేనప్పుడు ఇచ్చెయ్యడం వేరే సంగతి. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్నవి రెండు గొడవలు, రెండూ ఒకేసారి తేల్చుకుందామంటే ఏదీ తేలదు.

అదేం మెషీనో తెలిస్తే ఆయన మౌనం కొంచెం అర్థమవుతుంది. బ్రిటన్‌లో ఏకార్న్ కంపెనీ 1981లో తెచ్చింది, స్కూళ్ళలో ఎక్కువగా కనిపించిన మోడల్‌కి మెమరీ 32 కేబీ, ఇవాళ వాట్సాప్‌లో వచ్చే ఒక ఫొటో కూడా దాదాపు పట్టదు. 1984లో మన దేశంలో బడిపిల్లలకి కంప్యూటర్ నేర్పాలని క్లాస్ అనే ప్రాజెక్టు మొదలెట్టినప్పుడు స్కూళ్ళకి ఇచ్చినవి ఇవే. మీవారి వయసు మీరు రాయలేదు గానీ ఆ రోజుల్లో బడికెళ్ళిన మనిషైతే, మొట్టమొదట చెయ్యి పెట్టిన కంప్యూటర్ అదే అయ్యుండొచ్చు. ఎప్పుడైనా అడిగారా, అన్నిట్లో దీనిమీదే ఎందుకంత ఇష్టమని?

ఇంకోటి, ఆ పొగ. వాటి పవర్ సప్లైలో కరెంటు లోపలికొచ్చే చోట కెపాసిటర్లని చిన్న ముక్కలుంటాయి, ఏళ్ళు గడిచేకొద్దీ పైతొడుగు పగుళ్ళిచ్చి తేమ లాక్కుంటాయి, మనది సముద్రం దగ్గరి ఊరు, గాలంతా తేమే కదా, ఒకరోజు స్విచ్చెయ్యగానే కాలి పొగొస్తుంది, కంపు కూడానూ. చాలాసార్లు ఆ చిన్న ముక్క మారిస్తే మెషీన్ మళ్ళీ లేస్తుంది. మీరు పోయిందనుకున్నది ఆయన లెక్కలో బాగయ్యే వస్తువు.

కాబట్టి ఇవాళే వెళ్ళి "అడక్కుండా ఇచ్చేశాను, తప్పు చేశాను" అనండి. అంతే, అప్పుడు గది సంగతి ఎత్తకండి. తర్వాత ఇద్దరూ కలిసి ఆ బండివాడు సరుకు వేసే కొట్టుకి వెళ్ళండి, తుక్కు కొంత పోగయ్యేదాకా అక్కడే పడుంటుంది కాబట్టి దొరికే అవకాశం ఉంది. దొరక్కపోతే ఇంకోటి కొనిస్తాననో, ఆ పాత గేములు ఫోన్లోనూ ఆడుకోవచ్చటగా అనో అప్పుడే అనకండి.

గది విషయం ఒక వారం ఆగి తియ్యండి, అప్పుడు మాత్రం గట్టిగా. "తాగుడా, పేకాటా, సర్దుకోవచ్చు కదా" అని ఎవరైనా అంటే ఆ లెక్క నేనొప్పుకోను, పిల్లకి చదువుకోడానికి చోటు లేకపోవడం సర్దుకునే విషయం కాదు. ఆయనకి ఒక బీరువా, ఒక బల్ల, బల్లమీద ఒకసారికి ఒకటే మెషీన్. మిగతావాటిల్లో ఏవి ఉంచుకోవాలో, ఏవి ఇదే సరదా ఉన్నవాళ్ళకి ఇవ్వాలో ఆయనే తేల్చుకోవాలి. పాత ప్రోగ్రాములు నడిపి చూడ్డమే కావాలంటే అరచేతిలో పట్టే "రాస్ప్‌బెర్రీ పై" అనే బుల్లి కంప్యూటర్ మీద కూడా నడుస్తాయి, అది ఆయనకీ తెలిసే ఉంటుంది. పాప ఫీజు పక్కన పెట్టాక ఈ సరదాకి నెలకి ఎంత ఖర్చో కూడా ఆయన నోటితోనే చెప్పించండి.

పాత డబ్బా మానిటర్లు ఉంటే వాటి సంగతి వేరు, ప్లగ్ పీకాక కూడా లోపల వేల వోల్టులు నిలిచుండొచ్చు, మూత తీసిపెట్టి వదిలెయ్యకూడదు, ఎవరూ లేనప్పుడు ఏదీ ఆన్‌లో ఉండకూడదు. ఈ రెండిట్లో బేరం లేదు.

మీరు క్షమాపణ అడిగాక కూడా కొన్నాళ్ళు ముభావంగానే ఉంటారేమో, ఉండనివ్వండి. ఈలోగా పాపని మాత్రం మధ్యలోకి లాగకండి, "నాన్నని అన్నానికి రమ్మను" అని కూడా పాపతో కబురు పెట్టకుండా మీరే పిలవండి.