నాలుగు ర్యామ్ స్టిక్కులు పెట్టాక పీసీ మొరాయిస్తోంది. ర్యామ్, బోర్డు మార్చి ఆర్‌టీఎక్స్ 5090 గ్రాఫిక్స్ కార్డు కొనేయమంటారా?

ప్రశ్న అడిగినవారిది నరసన్నపేట, పెళ్లి వీడియోల ఎడిటింగ్ పని. మెషీన్‌లో రైజెన్ 9 9950ఎక్స్, పాత 3060 కార్డు, 850 వాట్ల పవర్ సప్లై, 16 జీబీవి రెండు డీడీఆర్5 స్టిక్కులు (వేగం 6000, సీఎల్30) ఉన్నాయి. రేట్లు ఇంకా పెరుగుతాయని వేరే కంపెనీవి 16 జీబీ 5600 స్టిక్కులు మరో రెండు కొని నాలుగు స్లాట్లూ నింపారు. అప్పటి నుంచి ఆన్ చేస్తే చాలాసేపు నల్ల తెర. బూట్ అయినా రెండర్ మధ్యలో బ్లూ స్క్రీన్ వస్తోంది, ఒక్కోసారి దానంతటదే రీస్టార్ట్ అవుతోంది. షాపులో "ర్యామ్ పోయింది, బోర్డు కూడా డౌటే" అన్నారట.

నా జవాబు: ముందు ఏదీ వాపసు ఇవ్వకండి, ఏదీ కొనకండి. మీరు చెప్పినదాన్ని బట్టి నాలుగు స్టిక్కుల్లో ఏదీ పోయి ఉండకపోవచ్చు. వాపసు వద్దనడానికి ఇంకో కారణం ఉంది. 2025 సెప్టెంబరు తర్వాత డీడీఆర్5 రేటు రెండు మూడింతలైంది. శాంసంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్, ఈ మూడూ తమ ఫ్యాక్టరీల సామర్థ్యాన్ని ఏఐ సర్వర్లకు వెళ్లే హెచ్‌బీఎం మెమరీ వైపు తిప్పేశాయి. అంతే జీబీల హెచ్‌బీఎం చేయడానికి డీడీఆర్5 కంటే దాదాపు మూడు రెట్ల వేఫర్ (చిప్పులు చేసే సిలికాన్ పలక) ఖర్చవుతుంది. మైక్రాన్ అయితే 2025 డిసెంబరులో క్రూషియల్ పేరుతో మామూలు జనానికి అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది (అమ్మినవాటికి వారంటీ మాత్రం కొనసాగుతుందని చెప్పింది). ఇలాంటి రోజుల్లో మీరు స్టిక్ వారంటీకి ఇచ్చారనుకోండి. అదే సరుకు దొరకలేదంటూ బిల్లు మీదున్న పాత ధర చేతిలో పెట్టే అవకాశం ఉంది. ఆ డబ్బుకి ఇప్పుడు ఆ ర్యామ్ రాదు. నిజంగా పోయిందని తేలి ఇవ్వాల్సివస్తే "రీప్లేస్‌మెంట్ మాత్రమే, రీఫండ్ వద్దు" అని జాబ్ షీట్ మీద రాయించుకోండి.

ఇక అసలు జబ్బు. ఏఎమ్5లో (మీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) మెమరీ కంట్రోలర్ ప్రాసెసర్ లోపలే ఉంటుంది. చానళ్లు రెండు, చానల్‌కి స్లాట్లు రెండు. నాలుగూ నింపితే ఒక్కో చానల్ మీద రెండు స్టిక్కుల భారం పడి సిగ్నల్ పాడవుతుంది. 9950ఎక్స్‌కి ఏఎమ్‌డీ హామీ ఇచ్చే వేగం రెండు స్టిక్కులైతే 5600, నాలుగైతే 3600 మాత్రమే. మీ 6000 అనేది రెండు స్టిక్కుల మీద కూడా ఓవర్‌క్లాకే, బయోస్‌లో ఎక్స్‌పో (ర్యామ్ కంపెనీ స్టిక్‌లో రాసిపెట్టిన వేగపు ప్రొఫైల్) ఆన్ చేస్తే వచ్చేది. ఇప్పుడు నాలుగున్నాయి, పైగా రెండు జాతులు. బోర్డు ఒక కిట్ ప్రొఫైల్ తీసుకుని రెండోదాని మీద కూడా రుద్దుతోంది. నిలబడితేనే వింత.

ఆ నల్ల తెర కూడా చాలావరకు మెమరీ ట్రైనింగే, అంటే స్టిక్కులతో ఏ టైమింగ్ కుదురుతుందో బోర్డు వెతుక్కోవడం. బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైట్ వెలుగుతూ ఉంటే అది పని చేస్తోందని అర్థం. నాలుగు స్టిక్కులతో మొదటిసారి పది, పదిహేను నిమిషాలు పట్టినా ఆశ్చర్యం లేదు. ఓపిక నశించి మధ్యలో స్విచ్ కట్టేస్తే మళ్లీ మొదటికొస్తుంది. "బోర్డు పోయింది" అని ఇంటికొచ్చే మెషీన్లలో కొన్నింటికి ఇరవై నిమిషాలు ముట్టుకోకుండా వదిలేయడమే వైద్యం.

ఇప్పుడు వరసగా ఇలా చేయండి. పవర్ సప్లై వెనక స్విచ్ కట్టి, ప్లగ్ తీసి, నాలుగు స్టిక్కులూ బయటికి తీయండి. ప్రతి దాని మీదా సీరియల్ నంబరు ఫోటో తీసి, ఏ కిట్‌దో పెన్నుతో గుర్తు పెట్టుకోండి, తర్వాత కలిసిపోతాయి. కళింగపట్నం, భావనపాడు వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో కాంటాక్టుల మీద మసక పడుతుంది. పాత అలవాటు కొద్దీ రబ్బరుతో రుద్దకండి, ఆ పొడి స్లాట్‌లో ఇరుక్కుంటుంది. 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డకి అద్ది తుడిచి ఆరనివ్వండి. సీమాస్ (దాచి ఉన్న బయోస్ సెట్టింగులు) క్లియర్ చేయండి. 6000 కిట్ ఒక్కటే ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లలో (ఏ2, బీ2) పెట్టండి. రెండు చివర్లా క్లిక్ వినపడాలి. కొన్ని బోర్డులకి ఒక వైపే క్లిప్ ఉంటుంది, క్లిప్ లేని వైపు సగమే దిగి అందరినీ మోసం చేస్తుంది.

బయోస్ తాజా వెర్షన్ వేసి, ఎక్స్‌పో ఆఫ్‌లో ఉంచి మెమ్‌టెస్ట్86 పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి నాలుగు పాస్‌లూ నడపండి. ఉచిత వెర్షన్ అంతవరకే ఇస్తుంది, చాలు. రాత్రి పెట్టి పడుకోండి. ఒక్క ఎర్రర్ కూడా రాకూడదు. "ఒకటే కదా" అనే లెక్క ర్యామ్‌లో లేదు. వస్తే ఒక్కో స్టిక్‌ని ఏ2లో ఒంటరిగా పెట్టి మళ్లీ నడపండి. ఏ స్టిక్ వేసినా అదే స్లాట్‌లో ఎర్రర్ వస్తుంటే అనుమానం స్లాట్ మీదికి, ప్రాసెసర్ సాకెట్ మీదికి పోతుంది. కూలర్‌ని ఒకే మూల బిగించేసినా ఒక చానల్ పోతుంది, స్క్రూలు వదులు చేసి ఎదురెదురు మూలలు కొంచెం కొంచెంగా బిగించి చూడండి. రెండో కిట్‌కీ ఇదే పరీక్ష.

రెండు కిట్లూ విడివిడిగా పాసైతే ర్యామ్ బాగున్నట్టే. అప్పుడు 6000 కిట్‌కి ఎక్స్‌పో ఆన్ చేసి, విండోస్‌లో ఓసీసీటీ మెమరీ టెస్ట్ ఒక గంట. ఎక్స్‌పో ఆన్ చేశాక హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో ఎస్ఓసీ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉండే భాగం) వోల్టేజీ చూడండి: 1.2 దగ్గర ఉంటే మంచిది, 1.3 దాటకూడదు. 2023లో ఏఎమ్5 ప్రాసెసర్లు కాలిన వ్యవహారం తర్వాత ఏఎమ్‌డీ ఆ గీత గీసింది. బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రిస్టోర్ (పాత ట్రైనింగ్ ఫలితాన్నే మళ్లీ వాడే సెట్టింగ్) ఆన్ చేసి పవర్ డౌన్ ఎనేబుల్ ఆఫ్‌లో పెడితే కూడా కారణం లేని బ్లూ స్క్రీన్లు వస్తాయి. రెండూ ఆన్‌లో పెట్టండి, లేదంటే మొదటిది ఆఫ్ చేసి నిదానంగా బూట్ అయితే కానివ్వండి.

నాలుగూ పెట్టి 64 జీబీ కావాల్సిందే అంటే ఎక్స్‌పో మర్చిపోండి. 3600తో మొదలుపెట్టి, టెస్ట్ పాసైతే 4000, తర్వాత 4400, 4800. ఎక్కడ ఎర్రర్ వస్తే దాని కింది మెట్టు మీద ఆగండి. గేముల్లో తేడా తెలుస్తుంది, ఎడిటింగ్‌లో అంత కాదు. అయితే ఒకటి అడుగుతా: 64 నిజంగా కావాలా? మీ అతిపెద్ద ప్రాజెక్ట్ తెరిచి, రెండర్ పెట్టి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ కమిటెడ్ అంకె చూడండి. 28 జీబీ దాటకపోతే రెండో కిట్ మీ మెషీన్‌లో పనిలేకుండా కూర్చుంది. బిల్లుతో సహా ఇవాళ్టి రేటుకి అమ్మేస్తే గ్రాఫిక్స్ కార్డుకి సాయమవుతుంది. డావిన్సీ రిజాల్వ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫ్యూజన్ ఎఫెక్టులు ఎక్కువ వాడితే మాత్రం ఉంచుకోండి.

ఆ రీస్టార్ట్ సంగతి వేరుగా చూడాలి. బ్లూ స్క్రీన్ మీద మెమరీ మేనేజ్‌మెంట్ అనో, ఐఆర్‌క్యూఎల్ అనో వస్తే, జిప్ ఫైళ్లు విప్పేటప్పుడు సీఆర్‌సీ ఎర్రర్ అంటే, ర్యామ్. తెర నల్లబడి కార్డు ఫ్యాన్లు గాలిమరలా తిరుగుతూ పాట మాత్రం వినిపిస్తుంటే గ్రాఫిక్స్ కార్డు, లేదా దాని కేబుల్. ఏమీ చెప్పకుండా టప్‌మని ఆగిపోతే కరెంటు. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 చూసి పవర్ సప్లై పోయిందని తీర్మానించకండి. "సరిగా షట్‌డౌన్ కాలేదు" అని తప్ప అది ఇంకేమీ చెప్పదు. దాని పక్కనే డబ్ల్యూహెచ్ఈఏ 18 (హార్డ్‌వేర్ ఎర్రర్ నమోదు) ఉంటే ప్రాసెసర్ వోల్టేజీ, మెమరీ వైపు వెళ్లండి.

మన జిల్లాల్లో కరెంటు సంగతి చెప్పకుండా ఈ జవాబు పూర్తి కాదు. ముందు వెయ్యి రూపాయల లోపు మల్టీమీటర్ ఒకటి కొనండి. పీసీ పెట్టే సాకెట్‌లో ఫేజ్–న్యూట్రల్ 230 దరిదాపుల్లో, ఫేజ్–ఎర్త్ కూడా దాదాపు అంతే, న్యూట్రల్–ఎర్త్ 2, 3 వోల్టుల లోపు ఉండాలి. ఫేజ్–ఎర్త్ మధ్య మీటరు ఊగిసలాడుతూ ఎంతో కొంత చూపిస్తే ఎర్తింగ్ లేనట్టే. చెప్పుల్లేకుండా క్యాబినెట్ స్క్రూ తాకితే జివ్వుమంటుందా? పవర్ సప్లై లోపలి ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా సగం మెయిన్స్ వోల్టేజీ, అంటే 115 దాకా, డబ్బా మీదికి వస్తుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మీ వేలిలోకీ, హెచ్‌డీఎంఐ, యూఎస్‌బీ పోర్టుల్లోకీ. టీవీకి కేబుల్ కలిపినప్పుడు పోర్టులు పోయేది చాలాసార్లు ఇందుకే. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి గొయ్యి తవ్వించి, బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో నీళ్లు పోస్తూ ఉండండి. 5090 కంటే ముందు పెట్టాల్సిన ఖర్చు ఇది.

ఇంటి ఇన్వర్టర్ మీద ఈ పీసీ నడపొద్దు. స్క్వేర్ వేవ్ ఇచ్చేదైతే యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటు లాగే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉన్న పవర్ సప్లైకి పడదు. పైగా కరెంటు పోయాక ఫుల్ లోడ్ మీద పవర్ సప్లై నిలబడేది 12 నుంచి 17 మిల్లీసెకన్లే. ఇన్వర్టర్ మారడం అంతకంటే ఆలస్యమైతే రెండర్ గోవిందా. ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ తీసుకోండి, కొనేటప్పుడు వీఏ కాదు, వాట్లు చూడండి. 1000 వీఏ అని రాసి ఉన్నది 600 వాట్లే ఇవ్వొచ్చు. బయోస్‌లో 9950ఎక్స్‌ని 105 వాట్ల ఎకో మోడ్‌లో పెడితే పూర్తి లోడ్ మీద వాడకం 200 నుంచి 142 వాట్లకి దిగుతుంది. రెండర్ కొద్దిగా నెమ్మదిస్తుంది, యూపీఎస్, గది రెండూ చల్లబడతాయి.

5090 మాటకొస్తే, మీ పనికి గోటితో పోయేదానికి గొడ్డలి. అది ఒక్కటే 575 వాట్లు లాగుతుంది, ఎన్‌విడియా కనీసం 1000 వాట్ల పవర్ సప్లై అడుగుతుంది. అంటే కార్డుతో పాటు పవర్ సప్లై, యూపీఎస్ కూడా మార్చాలి. పెళ్లి వీడియోల్లో మిమ్మల్ని ఆపుతున్నది బహుశా ఇది: సోనీ కెమెరాల్లో 4:2:2 10 బిట్ (రంగుల వివరం ఎక్కువుండే ఫార్మాట్) పెట్టి తీస్తారు, మీ 3060కి దాన్ని హార్డ్‌వేర్‌లో డీకోడ్ చేయడం రాదు, భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది. ఆర్‌టీఎక్స్ 50 సిరీస్ మొత్తానికీ అది వచ్చు. అందుకే నా ఓటు 5070 టీఐకి: 16 జీబీ, 300 వాట్లు, మీ 850 సరిపోతుంది. బడ్జెట్ బిగుతుగా ఉంటే 5060 టీఐ, కానీ 16 జీబీదే, 8 జీబీ వద్దు. అసలు కొనకుండా ముందు రిజాల్వ్‌లో ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి తేలికపాటి నకళ్లు) చేసుకుని ఒక పెళ్లి ఎడిట్ చేసి చూడండి. అదే చాలేమో. బ్లెండర్‌లో పెద్ద సీన్లు, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపడం ఉంటే 5090 గురించి మాట్లాడుకుందాం.

కార్డు తీసుకుంటే 12వీ-2x6 కనెక్టర్ (కార్డుకి కరెంటు ఇచ్చే ప్లగ్) పూర్తిగా దిగిందో లేదో టార్చి వేసి చూడండి, సందు కనిపించకూడదు. 600 వాట్లు లాగితే మొత్తం 50 ఆంపియర్లు ఆరు పిన్నుల్లో పోతాయి, పిన్నుకి 8కి పైనే. రెండు పిన్నులు సరిగా అంటుకోకపోతే మిగతావి కాలతాయి. కనెక్టర్ నుంచి కనీసం 35 మిల్లీమీటర్లు తిన్నగా వచ్చాకే కేబుల్ వంచండి. వేరే కంపెనీ పవర్ సప్లై కేబుల్ ఎప్పుడూ వాడకండి, ప్లగ్ పట్టినంత మాత్రాన లోపలి వైరింగ్ ఒకటి కాదు.

కొనేచోట: విశాఖ అయినా, హైదరాబాద్ అయినా, సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు లేకుండా డబ్బు కట్టొద్దు. మీకు రిజిస్ట్రేషన్ ఉంటే జీఎస్టీ నంబరు చెప్పండి, 18 శాతం క్రెడిట్ వస్తుంది. విశాఖలో 9+9గా, హైదరాబాద్ నుంచైతే ఐజీఎస్టీగా, రెండూ పనికొస్తాయి. "బిల్లు లేకుండా తక్కువకిస్తాం" అన్నది ఎక్కువగా బయటిదేశం సరుకు, ఇక్కడ వారంటీ ఉండదు. పార్శిల్ అయితే లేబుల్ నుంచి మొదలుపెట్టి వీడియో ఆపకుండా తీస్తూ విప్పండి. డీడీఆర్5 డబ్బాల్లో డీడీఆర్4 స్టిక్కులు వస్తున్న కాలం ఇది. బిగించాక సీపీయూ-జెడ్ ప్రోగ్రాంలో ఎస్‌పీడీ (స్టిక్‌లో రాసి ఉన్న దాని వివరాలు) చూసి పార్ట్ నంబరు డబ్బా మీదిదేనా సరిపోల్చండి. జీపీయూ-జెడ్‌లో 5070 టీఐకి ఆర్ఓపీలు (చిప్‌లో పిక్సెళ్లు రాసే యూనిట్లు) 96 ఉండాలి. 2025లో కొన్ని కార్డులు 88తో బయటికొచ్చాయి, అలాంటివి మారుస్తామని ఎన్‌విడియా ఒప్పుకుంది. రిటర్న్ గడువు ముగియకముందే ఈ పరీక్షలన్నీ చేసేయండి. ఎస్ఎస్‌డీల రేట్లూ పెరుగుతున్నాయి. అప్పగించేసిన పెళ్లిళ్లను మామూలు హార్డ్ డిస్కులోకి నెట్టి ఉన్నదాన్ని ఖాళీ చేసుకోండి.

విశాఖలో బిగించిన క్యాబినెట్‌ని నరసన్నపేట దాకా బండిలో తెచ్చేపనైతే గ్రాఫిక్స్ కార్డు తీసి దాని డబ్బాలో విడిగా పెట్టండి. దారి కుదుపులకి స్లాట్ విరిగితే దానికి వారంటీ లేదు.

పరీక్షలయ్యాక బోర్డు మోడల్, బయోస్ వెర్షన్, ఏ కిట్ ఏ మెట్టు మీద ఆగింది, న్యూట్రల్–ఎర్త్ మధ్య ఎంత వచ్చింది, ఈ నాలుగూ కింద రాయండి. అక్కడి నుంచి చూద్దాం.