పిడుగు దెబ్బ తిన్న చెవిలో నూనె పోయకండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. పది రోజుల క్రితం పత్తి చేలో ఉండగా వాన మొదలైతే మా ఆయన వేపచెట్టు కిందకు వెళ్లారు. పక్కనే ఉన్న తాటిచెట్టు మీద పిడుగు పడింది. ఆయన పడిపోయి రెండు నిమిషాలు స్పృహలో లేరు. గంటసేపు కాళ్లు ఆడలేదు. తర్వాత మామూలుగానే నడిచారు. కుడి చెవిలో మాత్రం హోరుగా ఉంటోందంటే నూనె వేస్తున్నాం, మెడికల్ షాపు మాత్రలు వాడుతున్నాం. జేబులో సెల్‌ఫోన్ ఉండబట్టే పిడుగు పడిందంటున్నారు. నిజమేనా?

జవాబు: ఫోన్ పిడుగును లాగదమ్మా, ఆ అనుమానం వదిలేయండి. స్పృహ తప్పిన మనిషిని పది రోజులైనా డాక్టరుకు చూపించలేదు, నన్ను భయపెట్టింది అదీ.

పిడుగు చెట్టు మీద పడినా కరెంటు నేలలో పారి దగ్గరున్నవాళ్ల కాళ్లలోంచి ఎక్కుతుంది. మీవారి కాళ్లు ఆడకపోవడానికి అదే కారణమై ఉండొచ్చు. ఇలాంటి చచ్చుదనం చాలామందిలో కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. అది తగ్గింది కదా అని గుండె, మెదడు, నరాలు బాగున్నట్టు కాదు. ఇప్పుడైనా ఈసీజీ తీయించి, ఫిజీషియన్‌కు చూపించండి. తలనొప్పి, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం ఉంటే దాచకుండా చెప్పమనండి.

ఇక చెవి. పిడుగు దెబ్బకు కర్ణభేరి చిరగడం తరచూ చూసేదే. చిరిగిన చెవిలో నూనె పోస్తే ఇన్ఫెక్షన్ లోపలికి పోతుంది. షాపులో అడిగి తెచ్చే కొన్ని చుక్కల మందులు లోపలి చెవిని దెబ్బతీసి, ఉన్న వినికిడి కూడా పోగొట్టగలవు. మనవాళ్లకు చెవి అనగానే నూనె గుర్తొస్తుంది, ఎంత చెప్పినా మానరు. ఈ రోజే ఆపేయండి. స్నానం చేసేటప్పుడు నీళ్లు పోకుండా చూసుకుని, ఈఎన్‌టీ డాక్టరు దగ్గర వినికిడి పరీక్ష చేయించండి. కళ్లు కూడా చూపించాలి, కొందరికి కొన్ని నెలల తర్వాత శుక్లాలు వస్తాయి. మనిషిని చూడకుండా ఇంతకు మించి నేను చెప్పలేను. ఈలోగా ఛాతీ నొప్పి, మళ్లీ స్పృహ తప్పడం, ఫిట్స్, కాళ్లలో బలహీనత కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఊళ్లో అందరికీ ఇది చెప్పండి: పిడుగు పడిన మనిషి ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు, ముట్టుకోవచ్చు. పేడలోనో మట్టిలోనో పాతిపెట్టి కూర్చుంటే బతికే మనిషి పోతాడు. ఒకేసారి నలుగురు పడిపోతే మూలుగుతున్నవాళ్లకంటే ముందు ఊపిరి ఆడనివాళ్లను చూడాలి. ఛాతీ నొక్కుతూ సీపీఆర్ చేస్తే, నేర్చినవాళ్లు నోటితో ఊపిరి కూడా అందిస్తే వాళ్లు బతికే అవకాశం ఉంది.

ఉరుము వినబడిందంటే పిడుగు పడేంత దూరంలోనే ఉన్నట్టు లెక్క. చెట్టు కిందకో, టార్పాలిన్ పాకలోకో కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లాలి. తలుపులు మూసిన కారైనా ఫర్వాలేదు, ట్రాక్టర్ పనికిరాదు. ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే చేలోకి దిగాలి. ఫోన్లో దామిని యాప్ పెట్టుకుంటే దగ్గర్లో పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆయన వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నీ వెంట తీసుకెళ్లండి.