నాన్నగారి ప్రశ్నకు బ్రిటన్ చట్టంలో జవాబు ఉందా?

ప్రశ్న: మా నాన్నగారికి డెబ్బై నాలుగేళ్ళు. క్లోమగ్రంథి క్యాన్సర్ కాలేయానికి పాకిందని, ఇక కీమోథెరపీ వల్ల ప్రయోజనం లేదని డాక్టర్లు చెప్పడంతో అనంతపురం నుంచి మా ఇంటికి తీసుకువచ్చాము. లీడ్స్‌లో ఉంటున్న మా తమ్ముడు మొన్న ఫోన్ చేసి, ఇటువంటి రోగులు కోరుకుంటే డాక్టర్ల సహాయంతో కన్నుమూయడానికి అక్కడ చట్టం వచ్చేసిందన్నాడు. పక్కనే పడుకుని ఆ మాట విన్న నాన్నగారు "అది మనకెప్పుడొస్తుందమ్మా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు. ఆ చట్టం సంగతేమిటి? ఆయనకు నేనేమని చెప్పాలి?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు మీ తమ్ముడు చెప్పిన మాటను కొంచెం సరిదిద్దాలి. లీడ్స్‌కు దగ్గరలోనే ఉన్న స్పెన్ వ్యాలీ నియోజకవర్గ పార్లమెంటు సభ్యురాలు కిమ్ లెడ్‌బీటర్ 2024 అక్టోబరులో ఈ బిల్లును ప్రవేశపెట్టారు. ఇది ప్రభుత్వం తెచ్చిన బిల్లు కాదు, ఓటింగుకు పార్టీలు విప్ కూడా జారీ చేయలేదు. 2024 నవంబరు 29న దిగువ సభ అయిన కామన్స్‌లో 330 మంది అనుకూలంగా, 275 మంది వ్యతిరేకంగా ఓటు వేశారు. 2025 జూన్ 20న జరిగిన తుది ఓటింగులో 314, 291 ఓట్లు పడ్డాయి. అంటే, ఏడు నెలల చర్చలో 55 ఓట్ల ఆధిక్యం 23కు దిగింది. ఆ తరువాత బిల్లు వెళ్ళిన ఎగువ సభ లార్డ్స్‌లో వెయ్యికి పైగా సవరణలు వచ్చాయి. కామన్స్‌లో నెగ్గినంత మాత్రాన చట్టం వచ్చినట్టు కాదు.

బిల్లు ఉద్దేశించింది ఇంగ్లండు, వేల్స్‌లలో ఆరు నెలలలోపు మరణం తప్పదని డాక్టర్లు భావించిన, స్వయంగా నిర్ణయం తీసుకోగల స్థితిలో ఉన్న పెద్దవారిని. ఇద్దరు డాక్టర్లు, ఆపైన న్యాయ నిపుణుడు, మానసిక వైద్యుడు, సోషల్ వర్కర్ ఉండే బృందం అంగీకరించాలి. మందును రోగి తానే తీసుకోవాలి, డాక్టర్ తన చేత్తో ఎక్కించకూడదు. 1961 నాటి చట్టం ప్రకారం అక్కడ ఆత్మహత్యకు సహాయపడిన వారికి పద్నాలుగేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు కాబట్టి, భార్య చేయి పట్టుకుని కూర్చున్న భర్త కూడా నేరస్థుడవుతాడన్న భయం చాలా కుటుంబాల్లో ఉంది. బిల్లును సమర్థించిన వారిని కదిలించింది ఈ బాధే. అప్పుడు ప్రధానిగా ఉన్న స్టార్మర్ అనుకూలంగా ఓటు వేశారు.

అయితే ఆయన మంత్రివర్గంలో అప్పుడు ఆరోగ్యశాఖ చూస్తున్న వెస్ స్ట్రీటింగే వ్యతిరేకంగా ఓటు వేశారు. నొప్పిని తగ్గించే వైద్యం అందరికీ సరిగ్గా అందనప్పుడు, చావును ఎంచుకోవడం నిజమైన ఎంపిక ఎలా అవుతుందన్నది ఆయన వాదన సారాంశం. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. చివరి దశలో ఉన్న రోగులను బాధ తగ్గించి చూసుకునే ఆధునిక హాస్పిస్ సేవకు బాటవేసిన సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను ప్రారంభించింది లండన్‌లోనే. అలాంటి దేశంలో కూడా నేడు హాస్పిస్‌ల ఖర్చులో ప్రభుత్వం ఇచ్చేది దాదాపు మూడో వంతు మాత్రమే, మిగతాది విరాళాలతో, పాతబట్టల దుకాణాల మీద వచ్చే డబ్బుతో నడుస్తోంది. ఎంత మంచి వైద్యం అందినా కొందరి బాధ తీరదని బిల్లు సమర్థకులు చెప్పేది అబద్ధం కాదు, దాన్ని నేను కొట్టిపారేయను. కానీ నొప్పి తగ్గించే ప్రయత్నమే జరగని మనిషి "నన్ను పోనివ్వండి" అన్నప్పుడు, ఆ మాటకు చట్టంతో జవాబు చెప్పడం తొందరపాటవుతుందని నా నమ్మకం.

ఇది నేను కళ్ళారా చూసి చెబుతున్న మాట. మా అత్తగారు చివరి నెలలో రాత్రిళ్ళు దుప్పటి అంచును పిడికిట్లో బిగించి పళ్ళు నూరేవారు, దేవుడు త్వరగా తీసుకుపోతే బాగుండునని రోజూ అనేవారు. తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ అలవాటవుతుందని ఒక డాక్టర్ మూడు వారాలు దాన్ని రాయలేదు. మరొకరు నాలుగు గంటలకోసారి మాత్ర ఇవ్వమని, దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాశారు. మూడో రోజు పొద్దున ఆవిడ పిడికిలి విప్పి, మజ్జిగ కలిపిన రాగి జావ కావాలని అడిగారు. చావు సంగతి ఆ తరువాత పదకొండు రోజుల్లో ఆవిడ నోట మళ్ళీ రాలేదు.

మన దేశంలో డాక్టర్ సహాయంతో మరణం నేరమే. అయితే కోలుకునే ఆశ లేనప్పుడు వెంటిలేటర్ వంటి చికిత్సలు వద్దనే హక్కును సుప్రీంకోర్టు 2018 మార్చి 9న గుర్తించింది, 2023లో పద్ధతిని సులభం చేసింది. అలాంటి చికిత్సలు వద్దని ముందుగానే రాసి, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసిన పత్రాన్ని (లివింగ్ విల్‌ను) నోటరీ గాని, గెజిటెడ్ అధికారి గాని ధ్రువీకరిస్తే చాలు. కర్ణాటక ప్రభుత్వం దీని అమలుకు 2025 జనవరిలో ఉత్తర్వు ఇచ్చింది. దీనివల్ల నొప్పికి ఇచ్చే మందు ఆగదు, ఆ సంగతి నాన్నగారికి స్పష్టంగా చెప్పండి.

మీరు ఉన్న మారతహళ్ళి వైపే కరుణాశ్రయ ఉంది. ముదిరిన క్యాన్సర్ రోగులను అక్కడ ఉచితంగా చూసుకుంటారు, ఇళ్ళకు కూడా వస్తారు. కిద్వాయ్ క్యాన్సర్ ఆస్పత్రిలోనూ పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) విభాగం ఉంది. మార్ఫిన్ ప్రతి మందుల దుకాణంలో దొరకదు, అనుమతి ఉన్న సంస్థల నుంచే తెచ్చుకోవాలి, కాబట్టి ఆలస్యం చేయకండి. వెళ్ళేముందు రెండు రోజులపాటు నొప్పి ఏ వేళకు వస్తున్నది, ఎక్కడ మొదలవుతున్నది, ఎంతసేపు ఉంటున్నది ఒక కాగితం మీద రాసి ఉంచండి, డాక్టర్‌కు దానంత ఉపయోగపడేది మరొకటి లేదు.

ఇక నాన్నగారికి జవాబు. ఆ చట్టం ఇక్కడ లేదు, ఇప్పట్లో రాదు అని నిజమే చెప్పి, "నాన్నా, నీకు ఏది భరించలేకుండా ఉంది, నొప్పా, మాకు భారమవుతున్నానన్న దిగులా?" అని అడగండి. రెండోదే అయితే దానికి మాత్ర లేదు. మీ తమ్ముడిని ఫోన్ పెట్టేసి, టికెట్ తీసుకుని రమ్మనండి.